ఫ్లోరైడ్ చరిత్రలో మోతాదు భావన: అనంతపురం పీఠభూమి నేపథ్యంలో ఔషధశాస్త్ర మౌలికాంశాల పరిశీలన

వ్యాససంగ్రహం:

మోతాదు, శోషణ, వితరణ, సంచయం, విసర్జన, చికిత్సా పరిధి అనే భావనలు నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ప్రయోగశాలా సాంకేతిక విద్యార్థులు తొలి సంవత్సరంలోనే చదివే ఔషధశాస్త్ర మౌలికాంశాలు. పాఠ్యపుస్తకాలు వీటిని మాత్రలు, సూదిమందుల ఉదాహరణలతో వివరిస్తాయి. తెలుగునేల మీద ఇవే భావనలు ఎనిమిది దశాబ్దాలకు పైగా తాగునీటి రూపంలో మనుషుల ఎముకల మీద పరీక్షకు వచ్చాయి. 1937లో నెల్లూరు జిల్లా నుంచి వెలువడిన ఫ్లోరోసిస్ నివేదికలతో మొదలైన ఆ చరిత్రను అనంతపురం కరవు పీఠభూమి పరిస్థితులతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నీటిలోని గాఢతను మనిషికి చేరే మోతాదుగా పొరబడడం వల్ల ఎండప్రాంతపు శ్రామికులకు జరిగిన అన్యాయం ఈ పరిశీలనలో ప్రధానాంశం.

కీలకపదాలు: మోతాదు, ఫ్లోరోసిస్, ఔషధగతిశాస్త్రం, సంచయం, అనంతపురం, కరవు, నల్గొండ పద్ధతి, చింతపండు.

1. ఉపోద్ఘాతం:

1882లో బళ్ళారి నుంచి విడివడి జిల్లాగా ఏర్పడిన అనంతపురం దేశంలోని అత్యల్ప వర్షపాత ప్రాంతాల్లో ఒకటి. ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు రాదు, వచ్చినా నిలవదు. నేల కింద గ్రానైట్, నైస్ శిలలు. వాటిలో అపటైట్, బయొటైట్ వంటి ఫ్లోరిన్ గల ఖనిజాలు. బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న భూగర్భజలం ఆ శిలలతో ఎంత ఎక్కువకాలం కలిసి ఉంటే అంత ఎక్కువ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. చెరువు నీటిలో అది స్వల్పం. లోతు బోరు నీటిలో అధికం. 2022లో జిల్లా రెండై, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. రాళ్ళకు ఆ సరిహద్దు తెలియదు కనుక ఈ వ్యాసంలో అనంతపురం అన్నప్పుడల్లా పూర్వపు ఉమ్మడి జిల్లా అనే అర్థం.

2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తరువాత ఈ కోర్సులకు ఉమ్మడి పాఠ్యప్రణాళికల అవసరంపై చర్చ పెరిగింది. ఆ చర్చలో ఔషధశాస్త్రాన్ని ఎంత చెప్పాలన్నది ఒక ప్రశ్న. దేనితో చెప్పాలన్నది అంతకన్న ముఖ్యమైన ప్రశ్న. ధర్మవరంలోనో కళ్యాణదుర్గంలోనో పనిచేయబోయే ఫిజియోథెరపిస్టు మెడ తిప్పలేని రైతును చూస్తాడు. ఆ మెడ బిగుసుకుపోవడానికి కారణమైన పదార్థం దేహంలో ఎలా చేరింది, ఎందుకు పోలేదు అన్నది అతడు నేర్చిన ఔషధశాస్త్రంలోనే ఉంది. అయితే అది మందు పేరుతో లేదు.

2. విషం, మందు, కొలత:

మోతాదు హిందుస్తానీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. వైద్యుని నోట వినపడేది అదే, వంటింట్లో ఉప్పు విషయంలో వాడేదీ అదే. కొలత తప్పితే మందు విషమవుతుందనీ, యుక్తితో వాడితే తీవ్రవిషమూ మందవుతుందనీ చరకసంహిత సూత్రస్థానంలోనే ఉంది. ఐరోపాలో పారసెల్సస్ 1538లో తన మీద వచ్చిన విమర్శలకు సమాధానంగా రాసిన రచనలో ఇదే అభిప్రాయం చెప్పాడు. ఆధునిక విషశాస్త్ర గ్రంథాలు అతడితో మొదలవడం అలవాటు.

ఈ సూత్రం చెప్పడం తేలిక. దాని లోపలి చిక్కు ఏమిటంటే, మోతాదు అనేది ఒక్క అంకె కాదు. ఒకసారి తీసుకున్నది, రోజు మొత్తం తీసుకున్నది, దేహపు బరువులో కిలోకు ఎంత పడింది, జీవితకాలంలో ఎంత పోగైంది అనేవి నాలుగు వేరువేరు కొలతలు. పారాసెటమాల్ విషయంలో మొదటి రెండూ ముఖ్యం. పసిపిల్లల మందుల్లో మూడవది. ఫ్లోరైడ్ విషయంలో నాలుగూ ఒకేసారి లెక్కకు వస్తాయి. అందువల్లనే బోధనకు అది అరుదైన ఉదాహరణ.

3. మచ్చపళ్ళ నుంచి బిగిసిన వెన్ను దాకా:

ఫ్లోరైడ్ చరిత్ర పళ్ళతో మొదలైంది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే స్థానికుల పళ్ళ మీది గోధుమరంగు మచ్చలకు కారణం వెదుకుతూ మూడు దశాబ్దాలు గడిపాడు. నీటిలోనే ఏదో ఉందని అతనికి తెలుసు. ఏముందో పట్టే సాధనం లేదు. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ వర్ణపటలేఖినితో నీటిలో ఫ్లోరైడ్‌ను గుర్తించాడు. అదే ఏడాది ఎండప్రాంతమైన అరిజోనాలో మార్గరెట్ కామక్ స్మిత్ బృందం ఎలుకల ప్రయోగాలతో అదే నిర్ణయానికి వచ్చింది. ఆరేళ్ళకు, 1937లో, డెన్మార్కుకు చెందిన కాయ్ రోహోల్మ్ క్రయొలైట్ పరిశ్రమ కార్మికుల ఎముకల్లో వచ్చిన మార్పులను సమగ్ర గ్రంథంగా వెలువరించాడు.

ఆ 1937లోనే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ స్థానికవ్యాధిగా ఉన్నదని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. వారు చెప్పిన పొదిలి, దర్శి ప్రాంతాలు తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. వైద్యుల కంటే ముందు గమనించినవారు రైతులు. 1930ల తొలి సంవత్సరాల్లో వాళ్ళ ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోయాయి. మనుషుల్లో అవే లక్షణాలు గుర్తించడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఎద్దు ఆయుర్దాయం చిన్నది, అది తాగే నీరు ఎక్కువ, పనిలో దాని కీళ్ళ మీద పడే భారం ఎక్కువ. మోతాదు శాస్త్రం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. తమ ఎద్దును గమనించిన రైతు చెప్పిన సమాచారాన్ని చరిత్రరచన ఒక్క వాక్యంలో దాటేయడమే ఆశ్చర్యం; ఆ రైతుల పేర్లు ఏ శాస్త్రపత్రంలోనూ చేరలేదు.

రోహోల్మ్ చూసినది పరిశ్రమలో ధూళి పీల్చిన కార్మికులను. నెల్లూరు పరిశోధకులు చూసినది ఊరి బావి నీళ్ళు తాగినవారిని. వెన్నుపూసలు అతుక్కుని కర్రలా బిగిసిన నడుము, ముందుకు వంగిన మెడ, ఎముకల పెరుగుదల వల్ల నొక్కుకుపోయిన వెన్నుపాము, దానివల్ల కాళ్ళలో చచ్చుదనం అనే లక్షణాలు నెల్లూరులో కనిపించాయి. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో తెలంగాణ ప్రాంతం కూడా ఈ పటం మీదకు ఎక్కింది. పండిట్, రాఘవాచారి మరో ఇద్దరితో కలిసి 1940లో చేసిన అధ్యయనం ఇంకొక అడుగు ముందుకు వేసింది: పిల్లల పళ్ళలోనూ పెద్దల ఎముకల్లోనూ వ్యాధితీవ్రతను నిర్ణయించే అంశాల్లో నీటి గాఢతతో పాటు పోషకాహార స్థితినీ వారు చేర్చారు. ఈ రెండవ అంశం మీద పాలనాయంత్రాంగం దృష్టి పెట్టడానికి చాలాకాలం పట్టింది.

4. గాఢత వేరు, మోతాదు వేరు:

అమెరికాలో హెచ్. ట్రెండ్లీ డీన్ 1942లో 21 పట్టణాల పిల్లలను పరీక్షించి, లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న నీటితో పంటిపుచ్చు తగ్గుతుందనీ, మచ్చలు పెద్దగా రావనీ చూపాడు. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీటికి ఫ్లోరైడ్ కలపడం ప్రారంభించింది. ఒకచోట కలుపుతున్న పదార్థాన్నే మరొకచోట తొలగించాల్సి రావడం ఈ చరిత్రలోని ప్రత్యేకత.

అయితే డీన్ పరిశీలించినది గాఢతను. ఎంత నీరు తాగుతారన్నది అక్కడి వాతావరణమే నిర్ణయించింది. ఈ లోపాన్ని అమెరికన్లే గుర్తించారు. అరిజోనా అనుభవం ఉన్న గలాగన్, వర్మిలియన్‌తో కలిసి 1957లో ఉష్ణోగ్రతను బట్టి ఫ్లోరైడ్ గాఢతను తగ్గించే సూత్రాన్ని ప్రతిపాదించాడు. 1962లో అక్కడి ప్రజారోగ్యశాఖ దాన్ని స్వీకరించి, చల్లని ప్రాంతాలకు లీటరుకు 1.2 మిల్లీగ్రాముల నుంచి వేడి ప్రాంతాలకు 0.7 దాకా మెట్లు పెట్టింది. వార్షిక సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత ఆధారంగా కట్టిన ఆ పట్టిక చివరి మెట్టు దాదాపు 32.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగుతుంది. అనంతపురంలో మార్చి నుంచి మే నెలాఖరు దాకా పగటి ఉష్ణోగ్రత దానికి పైనే.

ప్రపంచ ఆరోగ్యసంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. స్థానిక వాతావరణాన్నీ, తాగే నీటి పరిమాణాన్నీ, ఇతర మార్గాల్లో చేరే ఫ్లోరైడ్‌నూ పరిగణించి దేశాలు తమ ప్రమాణాలు నిర్ణయించుకోవాలని ఆ సంస్థే చెప్పింది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి 1.0ని ఆమోదనీయ పరిమితిగా, వేరే నీటివనరు లేనిచోట 1.5ని గరిష్ఠ అనుమతిగా పెట్టింది. వేరే వనరు లేకపోవడమే నిర్వచనమైన ప్రాంతానికి ఆచరణలో మిగిలేది ఆ రెండవ అంకె.

ఇక్కడ ఒక సాధారణ గుణకారం చాలు. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి 1.5 గాఢత గల నీటినుంచి 3 మిల్లీగ్రాములు చేరుతాయి. వేసవిలో పొలంలోనో ఉపాధిహామీ గుంతల దగ్గరో ఐదు లీటర్లు తాగే కూలికి అదే నీటినుంచి 7.5 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2002లో వెలువరించిన సమీక్ష, ప్రధానంగా భారత, చైనా అధ్యయనాల ఆధారంగా, అన్ని మార్గాల నుంచీ కలిపి రోజుకు 14 మిల్లీగ్రాములు చేరితే ఎముకల మీద దుష్ప్రభావం స్పష్టమనీ, సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం పెరుగుతున్న సూచనలున్నాయనీ చెప్పింది. కాబట్టి నీరు కాగితం మీద ‘అనుమతి’ పొందినదైనా కూలిమనిషి మోతాదు సందేహపు గీత దాటింది. గాఢత 3కి చేరితే ఆ కూలికి దినమోతాదు 15. స్పష్టమైన హానిగీత కూడా దాటింది. అన్నం, పప్పు ఉడికించిన నీటి వాటా ఇందులో కలపలేదు.

పిల్లల లెక్క ఇంకా కఠినం. గాఢత 2 ఉన్న నీటిని రెండు లీటర్లు తాగే 60 కిలోల వ్యక్తికి కిలోకు సుమారు 0.07 మిల్లీగ్రాములు పడతాయి. ఒక లీటరు తాగే 12 కిలోల బిడ్డకు సుమారు 0.17. సగం నీళ్ళే తాగినా మోతాదు రెండున్నర రెట్లు. పిల్లల మందులను కిలోల లెక్కన ఇవ్వాలని నర్సింగ్ విద్యార్థికి నేర్పే పాఠం కుళాయి దగ్గర కూడా వర్తిస్తుంది.

5. దేహంలో ఫ్లోరైడ్ ప్రయాణం:

ఔషధగతిశాస్త్రంలో నాలుగు దశలు: శోషణ, వితరణ, జీవక్రియాపరివర్తన, విసర్జన. ఫ్లోరైడ్ మూలకపు అయాను కనుక మూడవది దానికి లేదు. కాలేయం దాన్ని విరచలేదు, మార్చలేదు. ఉన్న భారమంతా మూత్రపిండాల మీదా ఎముక మీదా పడుతుంది.

జఠరామ్లంలో ఫ్లోరైడ్ అయాను హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. ఈ బలహీనామ్లపు పి.కె.ఎ. విలువ సుమారు 3.4, జీర్ణకోశపు ఆమ్లత అంతకంటే తీవ్రం కాబట్టి ఎక్కువ భాగం విద్యుదావేశం లేని రూపంలో ఉండి కణపొరను సులువుగా దాటుతుంది. ఆస్పిరిన్ జీర్ణకోశంలోనే కొంత శోషణ చెందడానికి పుస్తకాలు చెప్పే కారణం ఇదే. ఖాళీకడుపుతో తాగిన నీటిలోని ఫ్లోరైడ్ గంటలోపే రక్తంలో గరిష్ఠస్థాయికి చేరుతుంది. భోజనంలో కాల్షియం ఉంటే కరగని లవణంగా మారి కొంతభాగం మలంతో పోతుంది. పాలు తాగినప్పుడు టెట్రాసైక్లిన్ పనిచేయదని ఫార్మసీ విద్యార్థి నేర్చే సూత్రానికి ఇది దగ్గరి బంధువు.

వితరణదశలో అసలు కథ ఉంది. దేహంలో నిలిచిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. ఎముక ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్‌లోని హైడ్రాక్సిల్ స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. శోషణ చెందినదాంట్లో పెద్దవారిలో ఇంచుమించు సగం నిలుస్తుంది. పెరిగే పిల్లల్లో ఈ వాటా ఇంకా పెద్దది. రక్తంలో అర్ధాయువు గంటల్లో ఉంటే, ఎముకలో అది సంవత్సరాల్లో ఉంటుంది. క్రమంగా తీసుకునే పదార్థం స్థిరస్థితికి రావడానికి నాలుగైదు అర్ధాయువులు పడుతుందనే సూత్రాన్ని ఇక్కడ వర్తింపజేస్తే, రక్తపరీక్ష నిన్నటి నీటి సంగతి చెబుతుంది, ఎముక మనిషి జీవితచరిత్ర చెబుతుంది. ఊరు మారిన ఏళ్ళ తరువాత కూడా నడుంనొప్పి ఎందుకు వదలదో అర్ధాయువు భావన లేకుండా రోగికి వివరించలేము.

పళ్ళు ఈ చరిత్రకు తేదీ వేస్తాయి. ఎనామెల్ ఏర్పడే బాల్యంలో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు, చేరిన అధికమోతాదే మచ్చగా మిగులుతుంది. తరువాత ఎంత తాగినా ఏర్పడిపోయిన ఎనామెల్‌లో ఆ మార్పు రాదు. కాబట్టి మచ్చలు లేని పళ్ళు, బిగిసిన వెన్ను కలిసి కనిపిస్తే ఆ వ్యక్తి పెద్దయ్యాక ఈ నీటికి వచ్చి ఉండవచ్చు. కోడలిగా వచ్చిన ఊరి నీరు, పుట్టినింటి నీరు వేరైన స్త్రీలలో ఈ తేడా గమనించదగినది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పళ్ళ మీది ప్రతి గోధుమమచ్చ ఫ్లోరైడ్‌ది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనాలయం 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్‌తో టెట్రాసైక్లిన్ల యుగం మొదలైంది. కాల్షియంతో బంధించుకునే గుణం వల్ల ఆ మందులూ పెరిగే పంటిలో చేరి రంగు మారుస్తాయని 1950ల రెండవ భాగంలో తేలింది. ఎముకను వెదుక్కుంటూ పోయే పదార్థాలు రెండూ. ఒకటి సూక్ష్మజీవులను అరికట్టిన మహౌషధం, మరొకటి బావినీరు. వాటిని విడదీసేది బాల్యంలో వాడిన మందుల గురించీ తాగిన నీటి గురించీ అడిగే రెండు ప్రశ్నలే.

విసర్జన ప్రధానంగా మూత్రపిండాల పని. వడపోత తగ్గితే ఫ్లోరైడ్ నిలవ పెరుగుతుంది. కీళ్ళవాతమనుకుని ఏళ్ళతరబడి నొప్పిమాత్రలు కొనుక్కునే శ్రామికుని విషయంలో ఇది ఆందోళనకరం. ఎండలో నీరసించి, దేహంలో నీరు తగ్గిన స్థితిలో వాడే ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవని ఔషధశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. నొప్పి కలిగించిన పదార్థం బయటికి పోయే ఏకైక ప్రధానమార్గాన్ని నొప్పిమాత్ర ఇరుకు చేయవచ్చునన్నమాట. మందుల దుకాణం బల్ల వెనుక నిల్చున్న ఫార్మసిస్టే చాలాసార్లు ఆ మనిషి చూసే మొదటి ఆరోగ్యకార్యకర్త.

6. జొన్న, రాగి, బియ్యం:

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక కొత్త రూపాన్ని వర్ణించారు. ఫ్లోరోసిస్ ప్రాంతపు కౌమారవయస్కుల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం, ఎముకల్లో సాంద్రత తగ్గడం వారు చూశారు. ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరుస్తుందన్న పాత చిత్రానికి ఇది విరుద్ధం. ఒకే పదార్థం, భిన్న పోషణలో, భిన్న ప్రతిస్పందన ఇచ్చింది. నాగార్జునసాగర్ తరువాత మారిన భూగర్భజల పరిస్థితులు, రాగి, మాలిబ్డినం వంటి సూక్ష్మలోహాల పాత్ర గురించి ఆ సంస్థ తరువాతి చర్చ సాగింది. జొన్న ప్రధానమైన ఆహారంతో దేహంలో ఫ్లోరైడ్ నిలవ వరి ఆహారంకన్న ఎక్కువని 1970లలో అక్కడే జరిగిన సమతుల్యతా ప్రయోగాలు చూపాయి.

దీన్ని బట్టి చిరుధాన్యాలు చెడ్డవని తీర్పు చెప్పడం తొందరపాటు. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 340–360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది అత్యల్పం. సంగటి తినే ఇంటికీ, జొన్నరొట్టె తినే ఇంటికీ, 1983లో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక అన్నానికి మారిన ఇంటికీ ఒకే బోరు నీటితో ఒకే ఫలితం రాదు. ఔషధశాస్త్రం దీన్ని ఆహార–ఔషధ పరస్పరచర్య అంటుంది. అనంతపురం ఆహారచరిత్రను ఈ కోణంలో గ్రామస్థాయిలో రాయడం చరిత్రకారులకూ పోషణశాస్త్రజ్ఞులకూ ఉమ్మడిగా ఉన్న పని.

7. మందుగా వచ్చిన ఫ్లోరైడ్:

నెల్లూరు, నల్గొండల్లో ఎముకలను బిగించిన పదార్థాన్నే పాశ్చాత్యవైద్యం ఎముకలు పెళుసుబారిన వృద్ధులకు మందుగా ఇవ్వవచ్చునని ఆలోచించింది. 1961లో రిచ్, ఎన్‌సింక్ సోడియం ఫ్లోరైడ్‌ను ఆ ఉద్దేశంతో ప్రతిపాదించారు. తర్కం సబబుగానే ఉంది. ఎక్స్‌రేలో ఎముక నిజంగానే దట్టమయింది. 1990లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రిగ్స్ బృందం ప్రకటించిన నాలుగేళ్ళ పరీక్ష ఆ ఆశను ముగించింది. రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తీసుకున్న స్త్రీలలో నడుము వెన్నుపూసల ఖనిజసాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుగుళ్ళు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. మిగతా ఎముకల విరుగుళ్ళు పెరిగాయి. దట్టమైన ఎముక దృఢమైన ఎముక కాదని తేలింది. కొలిచిన సూచిక ఒకటి, రోగికి కావలసిన ఫలితం మరొకటి అని బోధించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ 75 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఫ్లోరైడ్ 34 మిల్లీగ్రాములు. గాఢత 4 ఉన్న నీటిని రోజుకు ఆరు లీటర్లు తాగేవారికి 24 చేరుతాయి. మేయో క్లినిక్ రోగులు సమ్మతిపత్రం మీద సంతకం చేసి, ఎక్స్‌రేలు తీయించుకుంటూ, నాలుగేళ్ళపాటు తీసుకున్న మోతాదుకు మూడింట రెండు వంతులకు మించిన మోతాదు అది. ఇక్కడ దాని వ్యవధి నాలుగేళ్ళు కాదు, నలభై. సమ్మతి మాట ఎవరూ అడగలేదు. ఈ పోలికను పోలికగానే చూడాలి. వయసు, ఆహారం, కాల్షియం వేరు. అయినా చికిత్సా పరిధి ఎంత ఇరుకైనదో, దాని అంచు దాటి ఎందరు బతుకుతున్నారో ఇది చూపుతుంది.

8. పటిక కొలత, నది నీరు:

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనాసంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, కలియబెట్టి, తేరుకున్నాక నీటిని వాడతారు. అనంతపురం వైపు కదిరిలోనూ ఈ పద్ధతిపై శుద్ధికేంద్రం నడిచింది. సామగ్రి చవక, విధానం సులభం అని ప్రచారం జరిగింది. కాని పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారతనూ కొలిచి నిర్ణయించవలసిన మోతాదు. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. ఎక్కువైతే అల్యూమినియం, సల్ఫేట్ మిగులుతాయి. ఔషధమోతాదును సర్దే పనిని పరీక్షాసాధనం లేని గ్రామ నీటిసిబ్బందికి అప్పగించినట్లయింది.

ఈ నీటిచరిత్రలో మరొక వైపరీత్యం ఉంది. దిగుడుబావుల నీటిద్వారా వచ్చే నారికురుపు నిర్మూలనకు 1980లలో దేశవ్యాప్తంగా ఆ బావులను మూసి, చేతిపంపులు వేశారు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ వ్యాధి ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఆ కార్యక్రమం నిస్సందేహమైన విజయం: దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో నిర్మూలన ధ్రువీకరణ లభించింది. నారికురుపుకు పురుగును చంపే మందు లేదు, నీటిని మార్చడమే చికిత్స. అయితే గ్రానైట్ నేలలో సురక్షితమనుకున్న లోతునీరు కొన్నిచోట్ల మరో పదార్థాన్ని మోసుకొచ్చింది. సూక్ష్మజీవులు లేని నీరు మంచినీరన్న సమీకరణం అక్కడ సరిపోలేదు.

1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఏడువందలకు పైగా అనంతపురం గ్రామాలకు ఉపరితలజలాలు, బావుల నీటిని పైపుల ద్వారా చేర్చింది. ఔషధశాస్త్ర పరిభాషలో ఇది బహిర్గతం ఆపడం. విషచికిత్సలో మొదటి మెట్టు. 2008–09లో కేంద్రం ప్రారంభించిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమపు తొలి జిల్లాల్లో నెల్లూరు ఉంది. 1937 నివేదికకు అప్పటికి 71 ఏళ్ళు.

9. చింతపండు, మూత్రం, ఎలక్ట్రోడ్:

ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌కు విరుగుడు మందు లేదు. ఉన్నది విసర్జనను పెంచే ప్రయత్నమే. ఆస్పిరిన్ విషప్రయోగంలో సోడియం బైకార్బొనేట్ ఇచ్చి మూత్రాన్ని క్షారంగా మారుస్తారు. మూత్రనాళికలో బలహీనామ్లం అయాను రూపంలోనే ఉండిపోయి తిరిగి రక్తంలోకి పోలేదు. ఫ్లోరైడ్ ప్రవర్తనా అంతే: క్షారమూత్రంలో దాని విసర్జన ఎక్కువ. జీర్ణకోశంలో శోషణకు తోడ్పడిన ధర్మమే మూత్రనాళికలో తిరగబడి విసర్జనకు తోడ్పడుతుంది.

2002లో ఖండారే, జి.ఎస్. రావు, లక్ష్మయ్య అనే జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాదులోని ఒక సాంఘికసంక్షేమ వసతి పాఠశాల బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండును 18 రోజులు భోజనంతో ఇచ్చి చూశారు. అధ్యయనం పూర్తిచేసిన 18 మందిలో మూత్రంద్వారా పోయే ఫ్లోరైడ్ రోజుకు సగటున 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. మూత్రపు క్షారత పెరగడం ఇందుకు ఒక వివరణ. మెగ్నీషియం, జింకు విసర్జన తగ్గడం కూడా అదే అధ్యయనంలో నమోదైంది. చింతచెట్టు రాయలసీమ చేలగట్ల మీద కొత్తది కాదు. పులుసు, చారు అక్కడి భోజనంలో నిత్యం. ఆ అలవాటు ఎంత ఫ్లోరైడ్‌ను బయటికి పంపుతున్నదో ఆ పీఠభూమి ఎండలో, ఆ బోరు నీటితో, శ్రమచేసే పెద్దల్లో కొలవవలసి ఉంది. ఆరోగ్యవంతులైన బాలుర మీద పద్దెనిమిది రోజుల ఫలితాన్ని నలభై ఏళ్ళుగా బిగిసిన వెన్నుకు అన్వయించడం శాస్త్రం ఒప్పదు.

కొలవడానికి సాధనం ఉంది. 1966లో ఫ్రాంట్, రాస్ సైన్స్ పత్రికలో ప్రకటించిన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికపు ఎలక్ట్రోడ్ నిమిషాల్లో మూత్రనమూనాను చదువుతుంది. అంతకుముందు రంగును కంటితో పోల్చే జిర్కోనియం–అలిజరిన్ పద్ధతే గతి. నీటిలోని ఇతర లవణాలు దాన్ని తప్పుదోవ పట్టించేవి. ఎలక్ట్రోడ్ ముంచే ముందు నమూనాకు బఫరు కలిపి ఆమ్లతను 5 – 5.5 మధ్య నిలపాలి, లేకుంటే ఫ్లోరైడ్‌లో కొంత హైడ్రోజన్‌తో కలిసి ఎలక్ట్రోడ్‌కు కనపడకుండా పోతుంది. జీర్ణకోశంలో ఆ అయానును దేహంలోకి దాటించిన రసాయనచర్యే ప్రయోగశాల బల్ల మీద సాంకేతికుని లెక్క తప్పిస్తుంది.